ఓగమ్ నవల డైరీ: ‘ప’ లేని లిపిలో పావని

ఈ వారం లెక్క ఇదీ. 14 అధ్యాయాల్లో 9 పూర్తయ్యాయి, పదాలు 31 వేలు దాటాయి, చూపుడువేలికి ఒక ప్లాస్టర్ పడింది.

కథ జరిగేది ఐర్లాండులోని కార్క్ నగరంలో. నేనూ ఇక్కడే ఉంటాను. పావని అనే తెలుగమ్మాయి ఒక రాత్రి కనిపించకుండా పోతుంది. ఆమె గదిలో గాట్లు పెట్టిన బర్చ్ చెట్టు పుల్ల ఒకటి దొరుకుతుంది. ఆ గాట్లు ఓగమ్ అనే పాత ఐరిష్ లిపి. ఇక్కడివాళ్లు దాన్ని దాదాపు ‘ఓమ్’ అనే పలుకుతారు. ఫోన్లో ఆ మాట విని, నేను ధ్యానం మొదలుపెట్టానని మా అమ్మ తెగ సంతోషపడింది.

పుల్ల ఆలోచన నా సొంతం కాదు. పాత ఐరిష్ కథ ప్రకారం ఈ లిపిని కనిపెట్టినవాడు ఓగ్మా. దాంతో మొట్టమొదట రాసిందే ఒక హెచ్చరిక: బర్చ్ కొమ్మ మీద ‘బ’ అక్షరం ఏడుసార్లు. బర్చ్ కాపలా లేకపోతే నీ భార్యను ఏడుసార్లు వేరే లోకానికి ఎత్తుకుపోతారని లూ అనే దేవుడికి కబురన్నమాట. డిటెక్టివ్ కథకి ఇంతకంటే మంచి క్లూ ఎక్కడ దొరుకుతుంది?

ఆ పుల్ల చేతిలో ఎలా ఉంటుందో తెలియకుండా రాయబుద్ధి కాలేదు. హార్డ్‌వేర్ షాపులో గుండ్రటి కర్ర కొన్నాను. డబ్బు దండగ. ఓగమ్‌కి అంచు కావాలి. అంచుకి కుడివైపు గీతలు ఒక గుంపు, ఎడమవైపువి ఇంకో గుంపు, అంచుని ఏటవాలుగా దాటేవి మూడోది, అంచు మీదే చిన్న గాట్లుగా ఉండే అచ్చులు నాలుగోది. గుంపుకి ఐదు చొప్పున 20 అక్షరాలు. కింది నుంచి పైకి చదవాలి. చివరికి పార్కులో రాలిపడిన కొమ్మ తెచ్చి, నాలుగు పలకలుగా చెక్కాను. పచ్చి కొమ్మ అయితే కత్తి వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఎండితే జారి వేలు కోస్తుంది (ప్లాస్టర్ కథ అదే).

మొదటి పుల్ల మీద ఏడు ‘బ’లు చెక్కాను. ‘బ’ అంటే కుడివైపు ఒక్క గీత. ఐదు గీతల తర్వాత పొరపాటున కాస్త ఎక్కువ ఎడం వదిలాను. కుడివైపు ఐదు గీతలైతే ‘న’, రెండైతే ‘ల’. హెచ్చరిక కాస్తా ‘నల’ అయి కూర్చుంది! ఇప్పుడు గీతకీ గీతకీ 4 మిల్లీమీటర్లు, అక్షరానికీ అక్షరానికీ 10 మిల్లీమీటర్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాకే కత్తి ముడుతున్నాను.

అసలు టెన్షన్ పావని పేరు చెక్కబోయినప్పుడు మొదలైంది. ఆ 20 అక్షరాల్లో ‘ప’ లేదు. తర్వాతి కాలంలో అదనపు గుర్తు చేర్చారు గానీ, ఓగమ్ చెక్కిన పాత రాళ్ల మీద ‘ప’ చాలా అరుదు. పేరు మార్చేద్దామా అని రెండు రోజులు కొట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. పాత ఐరిష్ వాళ్లు లాటిన్ మాటల్లోని ‘ప’ని తొలిరోజుల్లో ‘క్వ’గా తీసుకునేవారు. ఈస్టర్‌కి లాటిన్‌లో పాస్కా, అదే ఐరిష్‌లో కాష్క్ అయింది. సెయింట్ పాట్రిక్ పేరుకి కోథ్రిగె అనే పాత రూపమే ఉంది. అంటే పావని ఆ చెవికి ‘క్వావని’!

మొత్తం 20 గాట్లు, దాదాపు 11 సెంటీమీటర్లు. పోలీసులు క్వావని అనే ఇంకో అమ్మాయి కోసం వెతుకుతారు. లిపి తెలిసిన ప్రొఫెసర్ మీద అనుమానం పోతుంది. కానీ ఆయన రాసుంటే పుస్తకాల్లోని ‘ప’ గుర్తు వాడేవాడు కదా. అలా రాసింది పదిహేను వందల ఏళ్ల కిందటి చెవి ఉన్న మనిషి, మనిషే అయితే. మూడో అధ్యాయం మళ్లీ రాయాలి, కానీ హాయిగా ఉంది.

యూనివర్సిటీ కాలేజ్ కార్క్‌లో రాళ్ల వరండా ఉంది. అక్కడ 28 ఓగమ్ రాళ్లు నిలబెట్టారు. ఎదురుగా చూస్తే ఏమీ కనబడదు. పక్క నుంచి పడే వెలుతురులో గీతలు ఒక్కసారి లేచి వస్తాయి. ఎక్కువగా కనబడే మాట ‘మకి’, అంటే ఫలానావాడి కొడుకు. మంత్రాలకోసం వెళ్తే ఇంటిపేర్ల జాబితా చూసినట్టుంటుంది. నా కథలో మంత్రం కూడా అదే పని చేస్తుంది. ఎవరి పేరు ఎవరి పేరు పక్కన చెక్కితే వాళ్లు వీళ్లకి కట్టుబడిపోతారు.

టైప్ చేసేవాళ్లకి ఒక జాగ్రత్త. యూనికోడ్‌లో (కంప్యూటర్లలో అన్ని లిపులకీ వాడే కోడ్) మాటల మధ్య పెట్టే ఓగమ్ ఖాళీ గుర్తు చాలా ఫాంట్లలో గీతలా కనిపిస్తుంది, కంప్యూటర్ మాత్రం దాన్ని ఖాళీగానే చూస్తుంది. అలా లైను చివర నా గీత రెండుసార్లు మాయమైంది. ఇప్పుడు బొమ్మగా చేసి అతికిస్తున్నాను.

కార్క్‌లోని షాండన్ చర్చి గడియార స్తంభం సీను ఇంకా కుదరలేదు. నాలుగు ముఖాలూ ఒకే టైం చూపించవని దాన్ని ఊళ్లో నాలుగు ముఖాల అబద్ధాలకోరు అంటారు. హంతకుడి అలిబై (నేరం వేళకి నేను వేరేచోట ఉన్నాననే వాదన) దాని మీదే నిలబెట్టాను. విజయవాడలో మా చెల్లి చదివి, “అక్కా, అందరి జేబులో ఫోన్ ఉంటే గడియారం ఎవరు చూస్తారే?” అంది. జవాబు లేదు. ఆదివారం ఆ మెట్లెక్కి, పైనుంచి ఏ ముఖం ఎవరికి కనబడుతుందో చూసొస్తాను.