మాత్ర ఆపాక తగ్గిన పీఎస్‌ఏ

నాది ప్రోస్టేట్ క్యాన్సర్. ఇంజెక్షన్లు మొదలైన కొద్ది కాలానికే నా రక్తంలో పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ అడుగంటింది. డెసీలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉంటే చికిత్స పని చేస్తున్నట్టే లెక్క. నాది 20 కూడా దాటలేదు. పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ కణాలు తయారుచేసే, జబ్బు ఎంత ఉందో రక్తంలో సూచించే ప్రోటీన్, కూడా దిగివచ్చింది, తుంటి ఎముకలో నొప్పి పోయింది, రాత్రిళ్లు నిద్ర పట్టసాగింది. ఆ తరువాత టెస్టోస్టెరాన్ ఉన్నచోటే ఉండగా పీఎస్‌ఏ మాత్రం పరీక్ష పరీక్షకూ పెరుగుతూ వచ్చింది. హార్మోన్ మీద ఆధారపడి బతికే క్యాన్సర్, ఆ హార్మోనే లేనప్పుడు ఎలా పెరుగుతోంది? ఈ ప్రశ్న నన్ను నొప్పికంటే ఎక్కువ వేధించింది.

జబ్బు బయటపడే నాటికే నా గ్లీసన్ స్కోరు, అంటే కణితి ఎంత ఉధృతమైనదో చెప్పే లెక్క, 8. ఎముకలకు పాకింది కాబట్టి ఆపరేషన్ మాట రాలేదు. టెస్టోస్టెరాన్‌ను తగ్గించే ల్యూప్రోలైడ్ ఇంజెక్షను, దానితోపాటు ఆ హార్మోన్ కణాల మీద పని చేయకుండా అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్ర రోజూ. పురుష హార్మోన్‌ను తగ్గిస్తే ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చార్లెస్ హగిన్స్ 1941లోనే చూపించారు, అందుకు 1966లో నోబెల్ బహుమతి పొందారు. నాకు ఇచ్చిన వైద్యానికి పునాది అదే.

నా ప్రశ్న విని డాక్టరుగారు, “హార్మోన్ గురించి కాదు, దాన్ని అందుకునే రిసెప్టర్ గురించి ఆలోచించండి” అన్నారు. కణంలో ఆండ్రోజన్ రిసెప్టర్ అనే ప్రోటీన్ ఒక తాళం అనుకుంటే టెస్టోస్టెరాన్ దానికి తాళంచెవి. చెవి తిరిగితే రిసెప్టర్ కణకేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పని చేయిస్తుంది. పీఎస్‌ఏను తయారు చేసే జన్యువు కూడా వాటిలో ఒకటి. నా పీఎస్‌ఏ పెరుగుతోందంటే, హార్మోన్ ఉన్నా లేకపోయినా రిసెప్టర్ మళ్లీ పని చేస్తోందన్నమాట. కణితి ఆ రిసెప్టర్ జన్యువుకు అదనపు నకళ్లు తయారుచేసుకుని, మిగిలిన కొద్దిపాటి హార్మోన్‌తోనే నెట్టుకురాగలదు. హార్మోన్ చికిత్స తరువాత తిరగబెట్టిన కణితులలో సుమారు 30 శాతంలో ఈ అదనపు నకళ్లు ఉన్నాయనీ, అవే రోగుల నుంచి చికిత్సకు ముందు తీసిన నమూనాలలో లేవనీ 1995లో ఒక అధ్యయనం చూపించింది. ఆ రిసెప్టర్‌కు, హార్మోన్ అంటుకునే భాగమే లేని ఏఆర్-వీ7 అనే పొట్టి రూపం కూడా ఉంటుంది. దానికి హార్మోన్‌తోనే పని లేదు.

మా ఇంట్లో అందరి భయం వేరు. ఇది పుట్టుకతో వచ్చిన లోపమా, పిల్లలకు కూడా వస్తుందా అని. పుట్టుకతో వచ్చే మార్పునూ, తరువాత కణితిలో మాత్రమే వచ్చే మార్పునూ విడదీసి చెప్పినవారు నాకు తక్కువ, అందుకే ఇక్కడ కాస్త ఆగి రాస్తున్నాను. పుట్టుకతో వచ్చే తేడా ఒకటి నిజంగానే ఉంది. ఆ రిసెప్టర్ జన్యువులో సీఏజీ అనే మూడు డీఎన్‌ఏ అక్షరాల వరుస మళ్లీ మళ్లీ వస్తుంది, ఎన్నిసార్లన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. వరుస పొట్టిగా ఉంటే రిసెప్టర్ కొంత చురుకుగా ఉంటుంది. కానీ దాన్ని బట్టి క్యాన్సర్ ముప్పును అంచనా వేయబోయిన అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. పైగా ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. నాకు అది మా అమ్మ నుంచి వచ్చింది, నా నుంచి మా అబ్బాయికి వెళ్లే దారే లేదు. నా జబ్బు మలుపు తిరగడానికి కారణం వంశం నుంచి వచ్చినది కాదు, చికిత్స ఒత్తిడికి కణితి తనలో తాను తెచ్చుకున్న మార్పు.

అది ఏమిటో రక్తపరీక్షలో తేలింది. కణితి నుంచి రక్తంలోకి చేరిన డీఎన్‌ఏను చదివితే, రిసెప్టర్‌లో 742వ స్థానంలో ట్రిప్టోఫాన్‌కు బదులు సిస్టీన్ కనిపించింది. ఒక్క అమైనో ఆమ్లం మారింది. అంత చిన్న మార్పుతో బైకాలుటమైడ్ రిసెప్టర్‌ను అడ్డుకోవడం మానేసి దాన్నే ఉత్తేజపరచసాగింది. నన్ను కాపాడుతుందని రోజూ వేసుకుంటున్న మాత్ర నా క్యాన్సర్‌కు ఆహారమైంది.

“మాత్ర ఆపేద్దాం. ఇంజెక్షను మాత్రం కొనసాగించాలి” అన్నారు డాక్టరుగారు. నా భార్య అక్కడే, “జబ్బు పెరుగుతుంటే మందు ఆపడమేమిటండీ?” అని అడిగేసింది. ఆయన విసుక్కోకుండా వివరించారు. బైకాలుటమైడ్‌లాంటిదే అయిన ఫ్లుటమైడ్ అనే పాత మందు ఆపినప్పుడు పీఎస్‌ఏ తగ్గడాన్ని వైద్యులు 1990లలోనే గమనించారట. అందరిలోనూ జరగదు, జరిగినవారిలోనూ కొన్ని నెలలే నిలుస్తుంది. బైకాలుటమైడ్ శరీరం నుంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు నాకు చాలా కష్టంగా గడిచాయి. మాత్ర వేసుకోకుండా ఎదురుచూడటం, వాంతులు తెప్పించే మందుకంటే భారం. చివరికి పీఎస్‌ఏ సగానికి పైగా పడిపోయింది. రిపోర్టు చూసి నా భార్య ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

కొన్ని నెలల తరువాత అది మళ్లీ పెరిగింది. ఈసారి రిసెప్టర్‌ను అడ్డుకునే మరో మందు, ఎంజాలుటమైడ్ ఇచ్చారు. ఆ 742వ స్థానపు మార్పు ఉన్న రిసెప్టర్‌ను కూడా అది అడ్డుకోగలదు. ఏఆర్-వీ7 ఉంటే ఆ మందు సరిగా పనిచేయదని 2014లో తేలింది. అది నాలో లేదని ముందే చూసుకున్నారు. ఇప్పుడు పీఎస్‌ఏ తక్కువగా ఉంది, స్కానులో కొత్త మచ్చలు లేవు. అలసట ఉంది, ఒళ్లంతా ఉన్నట్టుండి వేడెక్కుతుంది, ఎముకలు పలచబడకుండా మందు వాడుతున్నాను. నడక మానలేదు. పూర్తిగా నయమైందని ఎవరూ అనలేదు, నేనూ అనుకోవడం లేదు. కానీ మెట్లు ఎక్కుతున్నాను, నా పనులు నేనే చేసుకుంటున్నాను.

ఈ క్యాన్సర్ ముప్పును పెంచే, వంశపారంపర్యంగా వచ్చే బీఆర్‌సీఏ2 అనే జన్యువులోని మార్పు కోసం కూడా పరీక్ష చేయించుకున్నాను, లేదని వచ్చింది. అయినా తండ్రికి ఈ జబ్బు ఉంది కాబట్టి మా అబ్బాయి నలభై దాటాక పీఎస్‌ఏ పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడతానన్నాడు. నా పీఎస్‌ఏ మళ్లీ పెరిగితే, కొత్త మందు రాసేముందు కణితి డీఎన్‌ఏను చదివే ఆ రక్తపరీక్ష మళ్లీ చేయాలని డాక్టరుగారితో ఇప్పుడే మాట తీసుకున్నాను.