చూపుడు వేలికి స్క్రూ, ఉంగరం వేలికి సిలికాన్

నా కుడిచేతి చూపుడు వేలి మధ్య కణుపు ఇక వంగదు. ఆపరేషన్ చేసి బిగించేశారు. ఉంగరం వేలి మధ్య కణుపులో మాత్రం సిలికాన్ కీలు పెట్టారు. జబ్బు ఒకటే, ఆస్టియో ఆర్థరైటిస్. మృదులాస్థి అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకునేది. కణుపులు బుడిపెలు కట్టాయి. మాత్రలు, వేలిని కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్లు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక, నొప్పికి రాత్రి నిద్ర పట్టకపోవడంతో ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

రెండు వేళ్లకూ కీళ్లే మార్చమని అడిగాను. కోరి వేలిని కర్రలా చేయించుకోవడం ఏమిటని నా బాధ. డాక్టర్ గారు ఒక తాళంచెవి చేతికిచ్చి తిప్పినట్టు పట్టుకోమన్నారు. "బొటనవేలు పక్కనుంచి ఎంత గట్టిగా నెడుతోందో చూడండి. ఈ ఒత్తిడికి సిలికాన్ విరగొచ్చు, వేలు పక్కకు ఒరిగిపోవచ్చు. చూపుడు వేలికి కావలసింది బలం. ఉంగరం వేలి పని వేరు. అది వంగకపోతే మీకు పిడికిలి బిగియదు" అన్నారు.

బిగించడమంటే నిటారుగా బిగిస్తారనుకునేవాణ్ని. కాదట. చూపుడు వేలికి సుమారు 40 డిగ్రీల వంపులో పెడతారు, చిటికెన వేలి వైపు వెళ్లేకొద్దీ వంపు పెంచుతారు. ఆ వంపులోనే స్ప్లింట్ చేసిచ్చి కొన్నాళ్లు వాడి చూడమన్నారు. దాంతోనే రాశాను, చొక్కా గుండీలు పెట్టుకున్నాను. పెన్ను పట్టు బాగానే కుదిరింది. ప్యాంటు జేబులోకి చేయి పెడితే మాత్రం వేలు అడ్డం పడేది. ఇప్పటికీ పడుతుంది.

చేతికి మాత్రమే మత్తు ఇచ్చారు. చూపుడు వేలిలో అరిగిన ఎముక చివర్లు చెక్కి, రెండింటినీ ఆనించి స్క్రూ వేశారు. ఉంగరం వేలిలో చివర్లు కోసి, సిలికాన్ ముక్క కాడలను అటూ ఇటూ ఎముకల లోపలి బోలులోకి దూర్చారు.

కోలుకోవడంలో మాత్రం రెండు వేళ్లకూ పొంతన లేదు. చూపుడు వేలిని అసలు కదపకూడదు. ఎముక అతుక్కోవడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి అతుక్కోదు కూడా. సిగరెట్ తాగేవాళ్లకు ఆ ముప్పు ఎక్కువట. ఎక్స్‌రేలో అతుకు కనిపించే దాకా నాకు టెన్షనే. ఉంగరం వేలిని మాత్రం కుట్లు నొప్పెడుతుండగానే కదపమన్నారు. నన్ను బాగా విసిగించింది ఈ వ్యాయామమే. వాపు నెలల తరబడి తగ్గలేదు. ఇంత చేసినా వంపు మునుపటికంటే పెద్దగా పెరగలేదు. అది ముందే చెప్పారు, ఈ ఆపరేషన్ నొప్పి పోవడానికేనని.

నొప్పి రెండింటికీ పోయింది. నిజం చెప్పాలంటే, నేను వద్దన్న చూపుడు వేలే ఇప్పుడు నాకు తలనొప్పి లేనిది. ఉంగరం వేలిలోని సిలికాన్ ఏళ్లు గడిచాక విరగొచ్చు. విరిగినా నొప్పి లేకపోతే అలాగే వదిలేస్తారట, ఇబ్బంది పెడితే కొత్తది వేస్తారు, లేదా అప్పుడు బిగించేస్తారు.

ఇప్పుడు మధ్య వేలి చివరి కణుపు మొదలుపెట్టింది. చివరి కణుపులకు ఎక్కువగా ఫ్యూజనే, అంటే ఇలా బిగించేయడమే, చేస్తారట. ఈసారి నేను వాదించలేదు.