కర్బీ పెట్టె: రెండేళ్ల నోట్‌బుక్, ఒక మైనం ముద్ద

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మా పెరట్లో, మునగచెట్టు పక్కన ఒక చెక్కపెట్టె ఉంది. అందులో వేల కొద్దీ కుట్టని తేనెటీగలు ఉంటాయి. ఒక్కొక్కటి 4 మిల్లీమీటర్లు, నల్లగా ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఏవో చిన్న ఈగలనుకుంటారు. శాస్త్రీయ నామం టెట్రగొనులా కార్బొనేరియా. ఇక్కడ పెంచేవాళ్లు 'కర్బీ' అంటారు. అది ఈ ప్రాంతపు ఆదివాసుల నుంచి వచ్చిన మాట. ఇవి పెంచుదామనుకునే మనవాళ్లకు పనికొస్తుందని నా నోట్‌బుక్‌లోవి ఇక్కడ పెడుతున్నాను.

2023 సెప్టెంబర్ 9

పెట్టె ఇంటికి వచ్చింది. చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారానికి సన్నని జాలీ కట్టి, కారులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. పాత చోటు కిలోమీటరుకు పైగా దూరంలో ఉండాలి. దగ్గరైతే మేతకు వెళ్లినవి పాత చోటికే వెళ్లిపోతాయి. పొద్దుటి ఎండ తగిలేలా, మధ్యాహ్నం నీడ ఉండేలా పెట్టాను. పెట్టె పైభాగం, కిందిభాగం విడివిడిగా వస్తాయి. ఖాళీ పెట్టె 5.1 కిలోలు, ఇప్పుడు 8.2 ఉంది. లగేజీ తూచే కాటాతో నెలకోసారి తూస్తే మూత తియ్యకుండానే లోపలి సంగతి తెలుస్తుంది. ఇంతకంటే మంచి అలవాటు నాకు కనపడలేదు.

2023 అక్టోబర్

పొద్దున కాఫీ పట్టుకుని ద్వారం దగ్గరే కూర్చుంటున్నాను. ద్వారం చుట్టూ చెట్టు బంక పూస్తాయి. చీమ అడుగుపెడితే అంటుకుపోతుంది. వెనక కాళ్లకు ఎర్రటి బంక ముద్దలు తగిలించుకుని వచ్చేవి కొన్ని, పుప్పొడితో వచ్చేవి కొన్ని. ఖమ్మం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో మట్టిగోడ బీటలో వీటి చుట్టాలు ఉండేవి. బీట ముందు బంకతో చేసిన చిన్న గొట్టం ఉండేది. గోడకు అలికినప్పుడల్లా అమ్మమ్మ ఆ ఒక్క చోటు వదిలేసేది. "వాటి వాకిలి మూయకురా" అనేది. కేరళలో ఆ జాతి తేనెను 'చెరుతేన్' అని మందుకు వాడతారు.

2023 నవంబర్ 18

మొదటి తేనె. కుట్టే తేనెటీగల్లా ఇవి ఆరు పలకల గదుల్లో తేనె దాచవు. మైనంతో ద్రాక్షపండంత కుండలు కట్టి నింపుతాయి. పైన తేనె కోసం ఉన్న అరను మాత్రమే తీసి, మేకుల పలకతో కుండలకు కన్నాలు పొడిచి, జల్లెడ మీద బోర్లించాను. 620 గ్రాములు వచ్చింది. బాగా పలచన, కొంచెం పులుపు, నిమ్మ వాసన. నీటి శాతం 26 దాకా ఉంటుంది కాబట్టి బయట పెడితే పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏడాదికి ఒక పెట్టెకు కిలో వస్తే గొప్ప.

జల్లెడలో మిగిలిన కుండల పెంకులు, జిడ్డు చెత్తబుట్టలో వేశాను.

2023 డిసెంబర్

వేసవి. 38 డిగ్రీల రోజున పెట్టె చుట్టూ థర్మోకోల్ కట్టి, పైన తడి తువ్వాలు పరిచాను. 40 దాటితే లోపలి మైనం మెత్తబడి గూడు కూలే ప్రమాదం ఉంది. ఆ వారమంతా ఆఫీసులో ఉన్నా మనసు ఇక్కడే.

2024 ఫిబ్రవరి 10

మా పేట కమ్యూనిటీ గార్డెన్‌లో ఆంటీని కలిశాను. ఇక్కడ ఆదివాసీ పెద్దలను గౌరవంగా ఆంటీ, అంకుల్ అంటారు. మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పిలుపే కనుక నోటికి వెంటనే వచ్చింది. చిన్న సీసాలో తేనె ఇచ్చాను. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత "మైనం ఏం చేశావు?" అని అడిగింది. పారేశానని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, సీసా మూత పెట్టి చేతిలోనే పట్టుకుంది.

ఆ మౌనం చాలు. ఆ రోజంతా ఆవిడ పక్కనే కలుపు తీస్తూ విన్నాను. తేనె ఒక పూటలో అయిపోతుంది, మైనం సంచిలో ఏళ్లపాటు ఉంటుంది అంది. రాతి గొడ్డలికి పిడి బిగించడానికి, ఈటె మొన అతకడానికి, కారే పాత్ర పూడ్చడానికి అదే. ఇది ఉత్త మైనం కాదు, చెట్టు బంక కలిసిన మైనం. అందుకే అంత పట్టు.

తర్వాత ఇంటికొచ్చి చదువుతూ కూర్చున్నాను. 1822లో యూరప్ తేనెటీగలు ఓడలో సిడ్నీకి వచ్చేదాకా ఈ ఖండంలో తేనెటీగ తేనె అంటే ఇలాంటి దేశవాళీ ఈగలదే. ఆదివాసులు దాన్ని 'షుగర్‌బ్యాగ్' అంటారు. ఒక ఈగను పట్టి దానికి పక్షి నూగును బంకతో అంటించి వదిలి, ఆ తెల్లని చుక్క వెంట పరిగెత్తి చెట్టు తొర్ర కనుక్కునేవాళ్లని 1830ల్లోనే సర్వేయర్ థామస్ మిచెల్ రాశాడు. 4 మిల్లీమీటర్ల ఈగను అడవిలో కళ్లతో వెంబడించడం! నేను మా పెరట్లో ప్రయత్నిస్తే కంచె దాటేలోపే మాయమైంది.

ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో డిడ్జరిడూ అనే పొడవాటి చెక్క వాద్యం ఊదే చోట పెదవులు ఆనేది ఈ మైనమే. అక్కడి రాతిగుహల్లో గోడలకు మైనం ఒత్తి చేసిన బొమ్మలు ఉన్నాయి. కార్బన్ పరీక్షలో కొన్నిటి వయసు దాదాపు 4,000 ఏళ్లని తేలింది. అక్కడి యొల్ఙు ప్రజల లోకమంతా రెండు భాగాలు, దువా, యిరిట్జా. ఒక్కో భాగానికి దాని సొంత తేనె, సొంత పాటలు. చెట్టుబెరడు మీద వాళ్లు గీసే వజ్రాకారపు గళ్లలో తేనె, పిల్లపురుగులు, ఈగలు ఉన్నాయని తెలిశాక ఆ బొమ్మను గంటసేపు చూశాను. 2020లో క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు ఈ తేనెలో ట్రెహలులోజ్ అనే అరుదైన చక్కెర ఎక్కువని, అది రక్తంలోకి నెమ్మదిగా చేరుతుందని చెప్పారు. పేపర్లన్నీ ఆ సంగతే రాశాయి, మైనం గురించి ఎవరూ రాయలేదు.

2024 సెప్టెంబర్ 21

పెట్టెను రెండు చేశాను. 26 డిగ్రీలు, గాలి లేదు. రెండు భాగాల మధ్య కత్తి దించి మెల్లగా ఎత్తితే పిల్లల గదులు కట్టిన చుట్టుమెట్ల లాంటి గూడు మధ్యకు తెగింది. ఒక్కో సగానికి ఒక్కో ఖాళీ సగం జోడించాను. రాణి ఒకదానిలో ఉంటుంది. రెండోదానిలో పెద్ద రాణిగది ఒక్కటైనా ఉంటే కొత్త రాణి పుడుతుంది. బలహీనంగా ఉన్నదాన్ని పాత చోటే ఉంచాలి, మేతకెళ్లినవి తిరిగొచ్చి దానికి బలమిస్తాయి. అంతవరకు బాగానే చేశాను.

అక్టోబర్ 1: కొత్త పెట్టె పోయింది. విడదీసేటప్పుడు నాలుగైదు తేనె కుండలు చితికి అడుగున తేనె మడుగు కట్టింది. తుడవలేదు. టేపు కూడా ఒక మూల సరిగా అంటలేదు. ఆ వాసనకు ఫోరిడ్ ఈగలు (తేనెటీగలు కావు, గూళ్లను పాడుచేసే చిన్న ఈగలు) దూరి గుడ్లు పెట్టాయి. మూత తీస్తే తెల్ల పురుగులు, పులిసిన వాసన. తప్పు పూర్తిగా నాదే. ఇది చదివేవాళ్లు దయచేసి ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: చితికిన తేనెను టిష్యూతో ఆసాంతం అద్దండి, అతుకు చుట్టూ మాస్కింగ్ టేప్ రెండు వరసలు వెయ్యండి, పది రోజులు రోజూ చూడండి.

2025 జూలై

చలి. 18 డిగ్రీలు దాటితేగాని బయటికి రావు. పది గంటల దాకా ద్వారం నిశ్శబ్దం. ముట్టుకోలేదు. మిగిలిన పెట్టె 7.6 కిలోలు.

2025 అక్టోబర్ 25

పెట్టె 8.4కి చేరింది. ఈ ఏడు విడదీయలేదు, తేనె మాత్రం 540 గ్రాములు తీశాను. ఈసారి పెంకులన్నీ దాచాను. ముందు చన్నీళ్లలో రెండుసార్లు కడిగి తేనె వదలగొట్టాలి. తర్వాత చెయ్యి పట్టేంత వేడినీళ్లలో వేస్తే పెంకులు ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. నీళ్లలోనే పిండి కలిపినట్టు పిసకాలి. మొదట ఇసుకలా గరుకు, మధ్యలో చచ్చిన ఈగల రెక్కలు. నీళ్లు మూడుసార్లు మార్చాక ముద్ద నున్నబడి, ముదురు తాటిబెల్లం రంగుకు వచ్చింది. వంటిల్లంతా యూకలిప్టస్ వాసన. 130 గ్రాములు. గోళ్ల సందుల్లో బంక పోవాలంటే సబ్బు చాలదు, కొబ్బరినూనె రాయండి.

2025 నవంబర్ 8

ముద్దను ఆంటీకి ఇచ్చాను. బడిపిల్లలకు గొడ్డలి పిడి కట్టడం చూపిస్తుందట. చేత్తో నొక్కి, వాసన చూసి, "కాడగి బంక ఎక్కువుంది, నీ పెట్టెకు దగ్గర్లో ఆ చెట్టుంది కదా" అంది. కాడగి యూకలిప్టస్‌కు చుట్టమైన చెట్టు. ఉంది, మా వీధి చివరే. ఉసిరికాయంత తుంచి నాకే తిరిగిచ్చి, "ఇది వాటికి" అంది.

సాయంత్రం ఆ ముక్కను ద్వారం ముందు చెక్క మీద పెట్టాను. చాలాసేపు ఏవీ రాలేదు. మర్నాడు ఎండెక్కాక మూడు ఈగలు దాని మీద కూర్చుని కొరుకుతున్నాయి. మధ్యాహ్నానికి ముక్క అంచులు గీకేసినట్టున్నాయి, వెనక కాళ్లకు నల్లటి ముద్దలతో ఒక్కొక్కటే లోపలికి వెళ్తున్నాయి.

తర్వాతి తూకం డిసెంబర్ 1న.