రక్షణ విధానంపై పార్లమెంటు నిఘా: మెయిన్స్ కోసం నేను చదివిన తీరు

సివిల్స్ మెయిన్స్‌ను తెలుగు మాధ్యమంలో రాయబోతున్న మిత్రుల కోసం, గ్రూప్-1 పాలిటీ పేపర్‌కు సిద్ధమవుతున్నవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ప్రభుత్వ రక్షణ విధానాన్ని పార్లమెంటు ఎంతవరకు పరిశీలించగలుగుతోంది అన్న అంశం జనరల్ స్టడీస్ రెండో పేపర్ (జీఎస్-2)లో పార్లమెంటు పనితీరు కిందికీ, జీఎస్-3లో జాతీయ భద్రత కిందికీ వస్తుంది కాబట్టి, ఒకసారి శ్రద్ధగా చదివితే రెండు పేపర్లకూ అక్కరకు వస్తుంది.

ముందుగా పునాది. సాయుధ దళాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతికి ఉన్నా, దాని వినియోగం చట్టానికి లోబడి ఉండాలని 53(2) అధికరణం చెబుతోంది. 75(3) ప్రకారం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. 113వ అధికరణం ప్రకారం రక్షణ పద్దులకు, అంటే రక్షణ ఖర్చు కోసం ప్రభుత్వం అడిగే నిధులకు కూడా లోక్‌సభ ఆమోదం తప్పనిసరి. 1993లో మంత్రిత్వ శాఖల పద్దులను, పనితీరును పరిశీలించే 17 శాఖాపరమైన స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి; 2004లో వాటి సంఖ్య 24కు పెరిగింది. ఒక్కో సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు, మంత్రులు సభ్యులు కాలేరు. ఇంతవరకు అందరి నోట్సులోనూ ఉంటుంది, అందరూ రాస్తారు. సమాధానానికి బలం రావాలంటే ఒక ఏడాది రక్షణ పద్దులను ఎంచుకుని, అవి సభ ముందుకు వచ్చినప్పటి నుంచి చివరిదాకా వెంబడించాలి. నేను 2018ని ఎంచుకున్నాను.

ఆ ఏడాది రక్షణ స్థాయీ సంఘానికి మేజర్ జనరల్ బి.సి. ఖండూరి అధ్యక్షులు. ఆయన సైన్యంలో పనిచేసినవారు, అధికార పక్ష సభ్యులు కూడా. పద్దుల పరిశీలనలో భాగంగా ఆర్మీ ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ సంఘం ముందు హాజరై, సైన్యం వద్దనున్న ఆయుధ సామగ్రిలో 68 శాతం పాతకాలపుదని, 24 శాతం ప్రస్తుత తరానిదని, కేవలం 8 శాతం మాత్రమే అత్యాధునికమైనదని చెప్పారు. ఈ మూడు రకాలూ తలా మూడో వంతు ఉండాలన్నది ఆదర్శ నిష్పత్తి. ఆధునికీకరణకు కేటాయించిన 21,338 కోట్ల రూపాయలు, అప్పటికే కొనసాగుతున్న 125 పథకాలకు చెల్లించాల్సిన 29,033 కోట్లకు కూడా చాలవని ఆయన వివరించారు. అంటే కొత్త కొనుగోళ్ల మాట అటుంచి, పాత ఒప్పందాల బాకీలు తీర్చడానికే డబ్బు లేదన్నమాట. యూనిఫాంలో ఉన్న ఒక సీనియర్ అధికారి ఈ మాటను ఎంపీల ముందు చెప్పడం, అది అచ్చయి సభకు చేరడం మన వ్యవస్థలోని అసలైన బలమని నా అభిప్రాయం.

బలహీనత ఆ వెంటనే కనిపిస్తుంది. ఆ నివేదికలు 2018 మార్చి 13న సభకు సమర్పించగా, మరునాడే లోక్‌సభ పద్దులన్నింటినీ గిలటిన్ పద్ధతిలో చర్చ లేకుండా ఆమోదించింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే, సంఘం పని ఎక్కడ ఆగిపోతోందో పేజీలకొద్దీ విమర్శ రాయకుండానే తెలిసిపోతుంది. అదే ఏడాది సెప్టెంబరులో సంఘాలను పునర్‌వ్యవస్థీకరించినప్పుడు కల్‌రాజ్ మిశ్రా అధ్యక్షులయ్యారు. దీనికి కారణాలు ఊహించి రాయవద్దని నా సలహా. సంఘాల పదవీకాలం ఏడాదే కావడం వల్ల విషయంపై పట్టు నిలవడం కష్టమన్న వాదనకు మాత్రం దీనిని వాడుకోవచ్చు.

చాలామంది తెరిచి చూడనివి చర్యా నివేదికలు. సిఫార్సులపై ప్రభుత్వం మూడు నెలల్లో సమాధానం ఇవ్వాలి, ఆ సమాధానాలను సంఘం ఈ నివేదికలో రెండో అధ్యాయం నుంచి ఐదో అధ్యాయం దాకా వరుసగా ఇలా విడదీస్తుంది: ప్రభుత్వం అంగీకరించినవి, జవాబు చూశాక సంఘం పట్టుబట్టనివి, జవాబుతో సంఘం తృప్తి చెందనివి, తుది జవాబు రావాల్సినవి. వీటిలో నాలుగో అధ్యాయాన్ని, అంటే సంఘం తృప్తి చెందని అంశాలను, ముందుగా చదవండి. ప్రభుత్వానికీ పార్లమెంటుకూ మధ్య నిజమైన పేచీ అక్కడే దొరుకుతుంది. మూలధన వ్యయానికి (ఆయుధాల కొనుగోలు వంటివాటికి) మురిగిపోని నిధి, అంటే ఏడాదిలో ఖర్చు కాకపోయినా వెనక్కి పోని నిధి కావాలన్న సిఫార్సు ఏళ్ల తరబడి ఎలా తిరిగి తిరిగి వచ్చిందో గమనిస్తే, 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 2.38 లక్షల కోట్లతో రక్షణ, అంతర్గత భద్రతల ఆధునికీకరణ నిధిని సూచించడం వెనుక ఉన్న నేపథ్యం అర్థమవుతుంది.

ప్రభుత్వ ఖర్చును ఆడిట్ చేసే కాగ్ నివేదికలను కూడా ఇలాగే కలిపి చదవాలి. 2017లో సభ ముందుకు వచ్చిన నివేదిక ప్రకారం, 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా సరిపోని స్థితిలో ఉన్నాయి. నిర్దేశిత ప్రమాణమైన 40 రోజులకు సరిపడా ఉన్నవి 31 రకాలే. కాగ్ నివేదిక 151వ అధికరణం కింద సభకు వచ్చాక ప్రజా పద్దుల సంఘం చేతికి వెళుతుంది. దానికి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యులే అధ్యక్షత వహిస్తున్నారు.

ఇక గోప్యత. పరీక్షకుడు మన పరిణతిని కొలిచేది ఇక్కడే అనుకుంటాను. దేశ భద్రతకు హాని కలుగుతుందనుకుంటే ఒక పత్రాన్ని సంఘానికి ఇవ్వకుండా నిరాకరించే అధికారాన్ని లోక్‌సభ నియమావళిలోని 270వ నియమం ప్రభుత్వానికి ఇస్తోంది. రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలుపై 2019లో వచ్చిన కాగ్ నివేదికలో ధరల వివరాలను తొలగించారు. 1962లో చైనా చేతిలో ఓటమిపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం సభ ముందు పెట్టనే లేదు. మరోవైపు కార్గిల్ తర్వాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం నివేదికను, కొన్ని భాగాలు మినహాయించి, 2000 ఫిబ్రవరిలో సభకు సమర్పించారు. దాని వల్ల దేశ రక్షణ బలహీనపడలేదు. పైగా ఉన్నత స్థాయి రక్షణ నిర్వహణపై మొదలైన చర్చ, చివరకు 2020 జనవరి 1న తొలి త్రివిధ దళాల అధిపతి (సీడీఎస్)గా జనరల్ బిపిన్ రావత్ బాధ్యతలు చేపట్టేదాకా సాగింది. యుద్ధం నడుస్తుండగానే 1962 నవంబరులో పార్లమెంటు సమావేశాన్ని ముందుకు జరిపి, రోజుల తరబడి బహిరంగంగా చర్చించిన సంగతి కూడా మరవకండి. భద్రత పేరుతో చర్చే వద్దనేవారికి మన పార్లమెంటు చరిత్రలోనే ఇంతకంటే గట్టి జవాబు లేదు.

బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు వివాదంపై 1987లో బి. శంకరానంద్ అధ్యక్షతన వేసిన సంయుక్త పార్లమెంటరీ సంఘాన్ని ప్రతిపక్షాలు బహిష్కరించాయి. దీనికి సమాధానంలో ఒక్క వాక్యం చాలు. కుంభకోణం కథలోకి వెళితే ప్రశ్న పక్కదారి పడుతుంది. ముగింపు సూచనలుగా నేను మూడింటినే సాధన చేశాను: స్థాయీ సంఘాల పదవీకాలాన్ని పెంచడం, వాటికి రక్షణ వ్యవహారాలు తెలిసిన పరిశోధన సిబ్బందిని ఇవ్వడం, రక్షణ పద్దులను ఏటా గిలటిన్ నుంచి మినహాయించి కనీసం ఒక రోజు సభలో చర్చించడం. ఒక్కో సూచనకూ పైన చెప్పిన ఉదాహరణల్లో ఒకదాన్ని జత చేసి 250 పదాల్లో రాసి చూడండి.