మూడు సెల్‌లు

పదకొండు దాటాక కీబోర్డు ముట్టుకోకూడదన్న నా నియమం ఎన్నిసార్లు తప్పానో మీకు తెలుసు. ఇవాళ మళ్లీ తప్పుతున్నాను. మా ఆయన ఒకసారి తొంగిచూసి, ఏమీ అనకుండా హాల్లో లైటు ఆర్పి వెళ్లారు.

సంగతి చిన్నదే. పొద్దున టర్మ్‌బేస్‌లో, అంటే మా ఆఫీసు పారిభాషిక పదాల డేటాబేస్‌లో, 'సెల్' అని వెతికితే ఒక్క ఎంట్రీ వచ్చింది. ఉండాల్సినవి మూడు. జీవశాస్త్రంలో కణం, స్ప్రెడ్‌షీట్‌లో గడి, బ్యాటరీల దగ్గర ఘటం. ఇప్పుడు మూడూ ఒకే ఎంట్రీలో, మధ్యలో కామాలతో, ఇరుక్కుని కూర్చున్నాయి. నిర్వచనం మాత్రం కణానిదే. అంటే మా లెక్కన స్ప్రెడ్‌షీట్ నిండా జీవపదార్థమే.

కొత్త కుర్రాడి పని. డూప్లికేట్లు అనుకుని మెర్జ్ కొట్టి మూడింటినీ ఒకటిగా కలిపేశాడు. మా దాంట్లో మెర్జ్‌కి అన్‌డూ లేదు. శుక్రవారం బ్యాకప్ మొత్తం వెనక్కి తెస్తే ఆ తర్వాత మిగతావాళ్లు చేసిన పనంతా పోతుంది. అందుకని బ్యాకప్‌ను పక్కన విడిగా తెరిచి, గడినీ ఘటాన్నీ మాత్రం లాగి మళ్లీ ఇంపోర్ట్ చేశాను. చేశానా, వాటికి కొత్త నంబర్లు వచ్చాయి! పాత నంబర్లను నమ్ముకున్న 'ఇది కూడా చూడండి' లింకులన్నీ గాల్లో. అడ్డవరుస, నిలువువరుస, గడుల విలీనం... ఒక్కోదాన్నీ వెతికి అతికించేసరికి సాయంత్రమైంది. ఇంతా చేస్తే ఏమైంది? శుక్రవారం ఎలా ఉందో అలా ఉంది.

మేడమ్ గుర్తొచ్చారు. చెక్క సొరుగుల మేడమ్. నేను చేరేనాటికి ఆవిడ రిటైర్మెంటుకి ఏడాది. కంప్యూటర్లోకి ఎక్కించాల్సిన కార్డులు రెండు సొరుగుల నిండా ఉండేవి. మొదటి రోజే నేను, ఒకే పదం ఉన్న కార్డులన్నీ ఏరి రబ్బరుబ్యాండ్లు వేసేశాను. ఎంత బాగా సర్దానో అనుకున్నాను. ఆవిడ బ్యాండ్లు తీసి, కార్డులు బల్ల మీద పరిచి, పై వరుస మీద స్కేలు అడ్డం పెట్టారు. "పదం వదిలెయ్. నిర్వచనం చదువమ్మా" అన్నారు. సాయంత్రం దాకా చదివించారు. నిర్వచనం ఒకటైతేనే కార్డు ఒకటి. ఆ ఒక్క కార్డు మీద పదాలు ఎన్నైనా ఉండొచ్చు. పరిభాషా శాస్త్రానికి పునాది వేసిన ఆస్ట్రియా ఇంజనీరు ఓయిగెన్ వ్యూస్టర్ నేర్పిన పాఠం కూడా ఇదేనని, ఐఎస్ఓ 30042 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉండే టీబీఎక్స్ ఫైల్లోనూ (టర్మ్‌బేస్‌లు ఇచ్చిపుచ్చుకునే ఫైలు అది) పైన భావన, దాని కింద భాష, దాని కింద పదం అన్నదే వరుసనీ చాలా తర్వాత చదివాను. నాకు మాత్రం ఆ స్కేలే కళ్లముందు ఉంటుంది. వద్దనుకున్న పదాన్ని ఆవిడ ఒక్క గీతతో కొట్టేసేవారు, కింద అక్షరాలు కనపడేలా. "చెరిపేస్తే రేపు ఇంకొకరు దాన్నే కొత్తగా కనిపెట్టుకొస్తారు" అనేవారు. ఇప్పుడు మేం పెట్టే 'వాడరాదు' స్టేటస్ ఆ గీతే.

ఆ ఊపులోనే కుర్రాడికి మెయిలు మొదలుపెట్టాను. నాలుగు పేరాలు. సాక్ష్యంగా జతచేద్దామని బ్యాకప్‌లో ఆ మూడు ఎంట్రీల హిస్టరీ తెరిచాను. మూడింటికీ 'విషయరంగం' ఖాళీ. ఘటానికి నిర్వచనమే లేదు. గడికి 'తర్వాత రాయాలి' అని ఉంది. మెర్జ్ మింగేసిందనుకున్న నిర్వచనాలు అసలు పుట్టనేలేదు! ఎంట్రీ చేసినవారు: నేను. 2019.

ఇంకోటి కూడా చెప్పాలి. పోయిన వారం అతను నలభై డూప్లికేట్లు పట్టాడు. ఎక్కడి నుంచో 'కర్సర్‌ను' అని కాపీ చేసి 'ను' చెరిపేస్తే, పొల్లు పక్కన, అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనపడని నాన్‌జాయినర్ అనే గుర్తు అక్కడే ఉండిపోతుంది. మనకి రెండూ కర్సరే, మెషిన్‌కి రెండు వేర్వేరు పదాలు. అవి పట్టినందుకు అందరి ముందూ మెచ్చుకున్నది నేనే. అదే ఊపులో మూడు 'సెల్'లు కనపడితే ఊరుకుంటాడా?

అయినా అడగొచ్చుగా. పక్క సీటే. సరే, నేనెప్పుడైనా అడగనిచ్చే మొహం పెట్టానా అంటే... మెయిలు చెరిపేశాను. లేదు, డ్రాఫ్టుల్లో ఉంచాను. కోపం మళ్లీ రావచ్చు.

మధ్యాహ్నం ఒక చిన్న సంతోషం కూడా ఉందండోయ్. ఒక స్క్రీన్ సందేశంలో ఎవరో 'ఈ గడి ఖాళీగా ఉంది' అని రాశారు, మమ్మల్ని అడక్కుండానే.

ఇందాక నా పేరుతో ఉండి విషయరంగం ఖాళీగా ఉన్నవి వెతికాను. మూడువందల పన్నెండు. పది పూర్తిచేసి 'కీ' దగ్గర ఆగిపోయాను. కీబోర్డు మీటా, డేటాబేస్‌లో కీనా, గూఢలిపికి వాడే కీనా? ఏది అనుకుని రాశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.