కీళ్ళవాతం మందులు: దేనికి భయపడాలి, దేన్ని కనిపెట్టి ఉండాలి

నాకు కీళ్ళవాతం, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నదని తెలిసినవాళ్ళు కలిసినప్పుడు జబ్బు గురించి అడగడం తక్కువ, మందుల గురించి అడగడమే ఎక్కువ. హనుమకొండలో మా వీధిలోనే ఉండే ఒకామె, ఇదే జబ్బుతో వేళ్ళు వాచి పొద్దున పిడికిలి బిగించలేని స్థితిలో ఉండి కూడా, "గా గోలీలు ఏసుకుంటే కిడ్నీలు ఖరాబైతయట గద అక్కా" అని అడిగింది. ఆ భయంతోనే డాక్టరు రాసిన మందులు పక్కన పెట్టి, నొప్పి ఎక్కువైన రోజున మెడికల్ షాపులో నొప్పి గోలీ అడిగి తెచ్చుకుంటున్నది. మూత్రపిండాలకు ముప్పు ఎక్కువగా వచ్చేది ఏళ్ళ తరబడి ఏ పరీక్షా లేకుండా మింగే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి ఆ నొప్పి మాత్రలతోనే. అవి కడుపులో పుండ్లు చేయగలవు, రక్తపోటును పెంచగలవు, కానీ కీలు లోపల ఎముక అరిగిపోవడాన్ని మాత్రం ఆపలేవు. ఆ అరుగుదల జబ్బు మొదలైన తొలి ఏళ్ళలోనే ప్రారంభమవుతుంది, ఒకసారి వంకర తిరిగిన వేలు మళ్ళీ మందుతో సరి కాదు. అందుకే దుష్ఫలితాల గురించి మాట్లాడేటప్పుడు మందు చేసే కీడును, మందు లేకపోతే జబ్బు చేసే కీడును ఒకే చోట పెట్టి తూచాలని నా అభిప్రాయం.

ఈ జబ్బుకు సాధారణంగా మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. దాన్ని క్యాన్సర్ మందు అని ఎవరో చెప్పగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అది క్యాన్సర్ మందుగా పుట్టిన మాట నిజమే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించినప్పుడు, ఫోలిక్ ఆమ్లం మీద, దాని పనిని అడ్డుకునే పదార్థాల మీద జరిగిన కృషి నుంచే ఈ మందు వచ్చింది. రక్తక్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు చాలా పెద్దది. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి, సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల వరకు మాత్రమే ఇస్తారు. అమెరికాలో ఈ జబ్బుకు దీన్ని 1988లో అనుమతించారు. అప్పటి నుంచి ప్రపంచమంతటా ఎందరో దీన్ని ఏళ్ళ తరబడి వాడుతున్నారు.

వారానికి ఒక్కసారి అన్న మాటను నేను ఎంత నొక్కి చెప్పినా తక్కువే. ఈ మందును పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని, రక్తకణాలు పడిపోయి, ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది. దీనితో పాటు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా చాలాసార్లు చిన్నగా, పసుపు రంగులోనే ఉంటుంది కాబట్టి, చదువురాని పెద్దవాళ్ళు ఒకదానికి బదులు మరొకటి వేసుకోవడానికి వీలున్నది. చీటీ మీద "ప్రతి ఆదివారం మాత్రమే" అని తెలుగులో, అక్షరాలతో రాసివ్వమని డాక్టరును అడగడంలో మొహమాటం అక్కరలేదు. రెండు మాత్రలనూ వేర్వేరు డబ్బాల్లో పెట్టడం ఇంట్లోవాళ్ళ పని.

నాకు మొదట్లో మందు వేసుకున్న మరునాడు అన్నం ముద్ద చూస్తేనే వికారం కలిగేది, నోట్లో పూత వచ్చేది. ఈ రెండూ ఈ మందుతో చాలామందికి వచ్చేవే. నేను ఆ సంగతి చెప్పినప్పుడు డాక్టరు ఫోలిక్ ఆమ్లం పెంచారు, ఆ తరువాత మాత్రకు బదులు చర్మం కింద వేసుకునే సూదికి మార్చారు, వికారం బాగా తగ్గింది. చెప్పకుండా మానివేసి ఉంటే ఈ దారులు ఉన్నాయనే నాకు తెలిసేది కాదు. నోటిపూత ఎక్కువైనా, జ్వరం వచ్చినా, పొడిదగ్గుతో ఆయాసం వచ్చినా మాత్రం తరువాతి వారం మోతాదు వేసుకునే ముందే డాక్టరుకు చెప్పాలి. రక్తకణాలు తగ్గడం, ఊపిరితిత్తులు వాయడం అరుదు, కానీ అవి మొదట కనబడేది ఇలాంటి లక్షణాలతోనే.

కాలేయం, రక్తకణాల పరీక్షలు మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, తరువాత రెండు మూడు నెలలకు ఒకసారి చేయించడం మామూలు పద్ధతి. వీటికోసం ప్రతిసారీ కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు పోనవసరం లేదు. నేను ఇక్కడే రక్తం ఇచ్చి, కాగితాన్ని ఫోనులో డాక్టరుకు పంపుతాను. ఆ కాగితాలన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో ఉంచితే, ఏ నెల నుంచి ఏది పెరుగుతున్నదో ఎవరికైనా కనబడుతుంది. మన వైపు దావతులలో కల్లు, తాగుడు మామూలే అయినా, ఈ మందు వాడేవారికి మద్యం కాలేయం మీద రెండో భారమవుతుంది. అలాగే మూత్రంలో మంటకో విరేచనాలకో ఊళ్ళో ఇచ్చే కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఈ మందుతో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోగలవు. ఏ చిన్న జబ్బుకు వెళ్ళినా మెథోట్రెక్సేట్ వాడుతున్నామని ముందుగా చెప్పాలి.

వాపును, నొప్పిని త్వరగా అణిచే స్టిరాయిడ్ల సంగతి వేరు. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ బృందం మంచం పట్టిన ఒక కీళ్ళవాతం రోగికి కార్టిజోన్ అనే స్టిరాయిడ్ ఇస్తే, ఆమె కొన్ని రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, మరో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. అంత త్వరగా పనిచేయడమే దానిలోని ప్రమాదం కూడా. ఊళ్ళో ఒక సూదితో నడవగలిగిన మనిషి నెలనెలా అదే సూది కోసం వెళతాడు. ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం వెనుక నెమ్మదిగా వస్తాయి. పేరు లేని పొట్లాల్లో అమ్మే కీళ్ళనొప్పుల పొడుల్లోనూ స్టిరాయిడ్ కలిపి ఉండవచ్చు. ఎక్కువ కాలం వాడినవారు భయపడి ఒక్కసారిగా ఆపితే, శరీరం తాను తయారు చేసుకోవలసిన హార్మోను అందక కళ్ళు తిరిగి పడిపోవచ్చు. తగ్గించేది డాక్టరు లెక్క ప్రకారం, కొంచెం కొంచెంగానే.

ఈ జబ్బుకు ఇచ్చే మరికొన్ని మందుల సంగతీ చెప్పాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారికి కంటి వెనుక పొర అయిన రెటీనా పరీక్ష మొదట్లో ఒకసారి, అయిదేళ్ళ తరువాత ఏటా అవసరం. సల్ఫాసలజీన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తే గాబరా పడనక్కరలేదు, కానీ ఒళ్ళంతా దద్దురు లేస్తే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. రోగనిరోధక శక్తిలో ఒక భాగాన్ని అడ్డుకునే బయలాజిక్ సూదులు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే లోపల నిద్రపోతున్న క్షయ వాటితో మేల్కొనవచ్చు.

ఇవన్నీ రాయడానికి కారణం నిజానికి మా బంధువుల అమ్మాయి. పెళ్ళి కుదిరిన తరువాత తన జబ్బు సంగతి అత్తవారికి తెలియకూడదని వాళ్ళమ్మ మందుల కవరు బీరువాలో దాచింది. మెథోట్రెక్సేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది, పిల్లలకోసం అనుకున్నప్పుడు ముందుగానే, సాధారణంగా మూడు నెలల ముందు ఆపాలి. ఆ సంగతి కాబోయే భర్తకు కూడా తెలియాలి కదా. ఆ పిల్లే ధైర్యం చేసి అతనికి చెప్పింది, ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన మెథోట్రెక్సేట్ ఆపించి, గర్భంలోనూ కొనసాగించదగిన హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్‌లకు మార్చారు, కీళ్ళు అదుపులో ఉన్నాయని తేలేవరకు ఆగమన్నారు. ఇప్పుడు మందుల కవరు ఫ్రిజ్ మీద అందరికీ కనబడేటట్లు ఉంటున్నదని, రాత్రి మాత్ర మరిచిపోతే గుర్తు చేసేది అత్తగారేనని మొన్న ఫోనులో చెప్పింది.