వెంట్రుకంత రాగి పోగు: మా ఇంటి హోమ్ థియేటర్ కథ

నిన్న రాత్రి పదకొండింటికి మా ఇంట్లో కొత్త హోమ్ థియేటర్ మొదటిసారి ఆగకుండా గంటసేపు మోగింది. కొని నలభై ఒక్క రోజులైంది. ఈ నలభై ఒక్క రోజుల పాట్లను కోపం చల్లారకముందే రాసి పెట్టుకుంటున్నాను. చల్లారితే నాకు అనుకూలంగా మార్చి రాసుకుంటానేమోనని భయం.

నేను కడపలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్‌గా ముప్ఫై ఒక్కేళ్ళు పని చేసి రిటైరయ్యాను. ఈ వివరాన్ని దాచాలని ఉంది గానీ, దాస్తే కథే లేదు.

పాత సెట్టు 2011లో కొన్నది. డీవీడీ ప్లేయరూ యాంప్లిఫయరూ ఒకే డబ్బాలో, చుట్టూ ఐదు చిట్టి స్పీకర్లు, ఒక వూఫర్. అట్ట మీద వేల వాట్లని రాసి ఉండేది. అది పి.ఎం.పి.ఓ. లెక్క, అంటే ఒక్క క్షణానికి గరిష్ఠంగా రాగలదని చెప్పుకునే శక్తి. ఆ లెక్కకు ఒక ప్రమాణమంటూ లేదు, అమ్మేవాడి నోటికి వచ్చినంత. చూడాల్సింది ఆర్.ఎం.ఎస్. అంకె, అంటే నిలకడగా ఇవ్వగల శక్తి. కొత్త టీవీ వచ్చాక ఆ డబ్బాకు దానితో పొత్తు కుదరలేదు. టీవీలో సొంతంగా ఉన్న స్పీకర్లేమో గోడవైపు తిరిగి గొణుగుతాయి. మాటలు వినపడటం లేదని మా ఆవిడ శబ్దం పెంచుతుంది, అంతలో పాట వస్తుంది, పక్కింటి పిల్లవాడు నిద్ర లేస్తాడు. ఇలా ఆరు నెలలు గడిచాక రిటైర్మెంటు డబ్బులో కొంత తీయడానికి ఆమే ఒప్పుకుంది.

పాత స్పీకర్లను కొత్త రిసీవర్‌కు, అంటే టీవీ శబ్దాన్ని అందుకుని స్పీకర్లన్నిటికీ పంచే యాంప్లిఫయర్ పెట్టెకు, తగిలిద్దామని మొదట అనుకున్నాను. కుదరదు. వాటి నిరోధం 3 ఓములు, కొత్త రిసీవర్లు కనీసం 6 అడుగుతాయి. నిరోధం సగమైతే అదే వోల్టేజికి రెట్టింపు కరెంటు లాగుతుంది, పెట్టె వేడెక్కుతుంది. కాబట్టి మొత్తం మార్చాల్సిందే.

ఎంపికలో మాత్రం నన్ను మించినవాడు ఈ ఊళ్ళో ఉండడని ఇప్పటికీ అంటాను. ఒక దుకాణంలో కుర్రవాడు "సార్, ఇది వంద వాట్లు, అది రెండు వందలు, రెట్టింపు శబ్దం" అన్నాడు. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెళ్ళే (శబ్ద తీవ్రతను కొలిచే లెక్క అది). చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. దానికంటే స్పీకర్ సెన్సిటివిటీ చూడటం మేలు. ఒక్క వాటు ఇచ్చి ఒక మీటరు దూరాన కొలిచే అంకె అది. 86 ఉన్న స్పీకర్ బదులు 89 ఉన్నది కొంటే, యాంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేసినంత లాభం పైసా ఖర్చు లేకుండా వస్తుంది. ఇదంతా ఆ కుర్రవాడికి బోర్డు మీద రాసినట్టు వివరించాను. విన్నాడు. విని, వేరే గిరాకీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంకో మాట. రిసీవర్ కాగితంలో "ఒక్క చానల్, 6 ఓములు, 1 కిలోహెర్ట్జ్, పది శాతం వక్రీకరణ (శబ్దం చెదరడం)" అని కొలిచిన వాట్లను నమ్మవద్దు. "రెండు చానళ్ళు, 8 ఓములు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా" అన్న వరుసలో అంకె చిన్నదిగా ఉంటుంది, నిజం అక్కడ ఉంటుంది. పైకప్పు నుంచి శబ్దం వచ్చే అట్మాస్ తీసుకోమని బెంగళూరులో ఉన్న మా అబ్బాయి పట్టుబట్టాడు. పన్నెండడుగుల గదికి 5.1, అంటే ఐదు స్పీకర్లూ ఒక వూఫరూ, చాలని నేను తేల్చేశాను.

కొనడానికి చెన్నై వెళ్ళాను. రిచ్చీ వీధిలో బేరాలు ఒక పూటలో అయిపోయాయి. రిసీవర్ 36,500, ముందు రెండు స్పీకర్లూ మాటల కోసం మధ్య స్పీకరూ వెనక రెండూ కలిపి 41,000, వూఫర్ 17,000. తీగ దగ్గర జాగ్రత్త పడ్డాను. రాగి పూత పూసిన అల్యూమినియాన్ని రాగి పేరుతో అంటగడతారు, బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. నాకు దొరికింది అసలు రాగే, సన్నని పోగులు పేనిన తీగ. దుకాణదారుడు చివర్లో బనానా ప్లగ్గులు తీసి చూపించాడు. తీగ కొనను ఆ ప్లగ్గులో బిగించి రిసీవర్ వెనక రంధ్రంలో గుచ్చితే సరిపోతుంది. ఒక్కోటి అరవై రూపాయలు. ఐదు స్పీకర్లు, ఒక్కోదానికి రెండు తీగలు, తీగకు రెండు కొనలు, వెరసి ఇరవై ప్లగ్గులు, 1,200 రూపాయలు. తీగ మెలేసి మరకు చుట్టి బిగించడం తెలిసినవాడికి ఈ ఇత్తడి నగలెందుకన్నాను. నాకు తమిళం రాదు కాబట్టి చేతులతోనే అన్నాను. ఆయన నవ్వి, ప్లగ్గులు లోపల పెట్టేశాడు.

బిగింపు ఒక్క సాయంత్రంలో అయింది. రిసీవర్ మైకును సోఫాలో చెవి ఎత్తున పెట్టి రిసీవర్ చేత గదిని కొలిపించాను. కుక్కర్ విజిల్ రెండుసార్లు పాడు చేస్తే మూడోసారి కుదిరింది. మోగించాను. బ్రహ్మాండం! తర్వాత పెట్టెను అలమరలోకి నెట్టాను.

మా ఇంటి అలమర కడప బండ అలమర. గోడలో బండలు పొదిగి అరలు చేసిన పాత కట్టడం, లోతు పద్నాలుగు అంగుళాలు. పెట్టె పదమూడు అంగుళాలు. సరిగ్గా పట్టిందని మురిసిపోయాను. స్విచ్ వేశాను. లోపల టిక్కుమంది, ఎర్ర దీపం మిణుకుమంది, తెర మీద "ప్రొటెక్ట్" అని వచ్చింది, ఆరిపోయింది. మళ్ళీ వేశాను. టిక్కు, మిణుకు, ప్రొటెక్ట్. బయటికి లాగి వేస్తే పాడింది. లోపలికి నెడితే రెండు నిమిషాలు పాడి ఆగింది. ఒకరోజు లోపలే ఉండి చాలాసేపు పాడింది. ఈ "ఒకరోజు" అన్నదే నన్ను పిచ్చివాడిని చేసింది. ఎప్పుడూ పాడకపోతే కారణం వెతికేవాడిని. అప్పుడప్పుడు పాడేదానికి కారణాలు ఊరంతా ఇస్తుంది.

పక్కింటాయన వేడి అన్నాడు. కడప ఎండ సంగతి తెలుసు కదా, బండ అరలో గాలి ఆడదు. నిజమేనని కంప్యూటర్ ఫ్యాన్లు రెండు పెట్టించాను. ప్రొటెక్ట్. ఎలక్ట్రీషియన్ వోల్టేజి అన్నాడు. 3,500 పెట్టి స్టెబిలైజర్ తెచ్చాను. ప్రొటెక్ట్. అతనే మళ్ళీ ఎర్తింగ్ అన్నాడు. పెరట్లో ఎర్త్ గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు వేసి నాలుగు బిందెల నీళ్ళు పోశాను, లుంగీ ఎగ్గట్టి, ఈ వయసులో. దాని వల్ల ఇంటికి మేలే జరిగి ఉంటుంది. పెట్టెకు మాత్రం ఏమీ జరగలేదు. మా ఆవిడ ఒకసారి "ఏమండీ, దాన్ని వెనక్కి నెట్టినప్పుడే కదా ఆగుతోంది?" అంది. వేడి వల్ల అని చెప్పి ఆమె నోరు మూయించాను. ఈ వాక్యం రాయడానికి పది నిమిషాలు ఆలోచించాను.

ఇక సర్వీస్ సెంటర్. దాని పేరు రాయను, రాస్తే నాకు రక్తపోటు. పదకొండు కిలోల పెట్టెను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, జ్వరం వచ్చిన పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాను. టోకెన్ ఇచ్చారు. నా ముందు ఒక మిక్సీ, ఒక ఫ్రిజ్, రిమోట్ లేని ఒక టీవీ, రెండు గీజర్లు. రెండు గంటలయ్యాక నా వంతు వచ్చింది. కౌంటర్‌లో మనిషి తల ఎత్తకుండా ఫారం చదివాడు. "ప్లగ్గు స్విచ్ బోర్డులో పెట్టారా? స్విచ్ వేశారా? రిమోట్‌లో బ్యాటరీలు ఉన్నాయా?" వెనక వరుసలో మిక్సీ ఆవిడ "పెద్దాయన కదా, మరిచిపోయి ఉంటారు" అని జాలి పడింది. నేను గొంతు సవరించుకుని "నేను ఫిజిక్స్ లెక్చరర్ని" అన్నాను. "అయితే బ్యాటరీలు ఉన్నాయన్నమాట" అని టిక్కు పెట్టుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత రమ్మన్నారు. వెళ్తే, వాళ్ళ స్పీకర్ ఒకటి తగిలించి అందరి ముందు పాట పెట్టారు. చక్కగా పాడింది. నా ఇంట్లో మొరాయించి అక్కడ బుద్ధిమంతుడిలా పాడే ఆ పెట్టెను చూస్తే ఎంత మండిందో చెప్పలేను. తనిఖీ రుసుము ఐదు వందలు, పన్నుతో కలిపి 590. వారంటీ ఉంది కదా అంటే, లోపం ఉంటేనే వారంటీ, లోపం లేకపోతే రుసుము అన్నారు. ఈ తర్కం నాకు నేటికీ మింగుడు పడలేదు. జాబ్ షీటు మీద సంతకం పెట్టమన్నారు. ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి ఉంది. దాని తాత్పర్యం, వస్తువులో లోపం లేదు, వినియోగదారుడికి వాడకం వివరించడమైనది అని. ఎవరు వివరించారు? ఏమి వివరించారు? కొన్ని వేల మంది పిల్లలకు ఓమ్ నియమం చెప్పిన చేత్తో ఆ వాక్యం కింద సంతకం పెట్టి వచ్చాను.

ఇంటికి తెచ్చి నెట్టాను. ప్రొటెక్ట్.

వారం తర్వాత రెండోసారి. అదే ఒళ్ళో పెట్టె, అదే టోకెన్, అదే బ్యాటరీల ప్రశ్న. ఈసారి లోపలి గది నుంచి ఒక టెక్నీషియన్ వచ్చి "నమస్కారం సార్" అన్నాడు. పన్నెండేళ్ళ కిందటి నా విద్యార్థి. గుర్తుపట్టాను. ప్రాక్టికల్స్‌లో వీడి మీటర్ బ్రిడ్జిలో (తీగ నిరోధం కొలిచే పరికరంలో) జోడింపులు వదులుగా ఉన్నాయని క్లాసు ముందు నిలబెట్టి తిట్టిన గుర్తు కూడా వచ్చింది. "సార్, వెనక తీగల దగ్గర ఒకసారి..." అని మొదలుపెట్టాడు. "తీగల సంగతి నాకు నువ్వు చెప్పాలా?" అన్నాను. గట్టిగానే అన్నాను. వాడు తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. నాలుగు రోజులకు మళ్ళీ అదే మాట, లోపం లేదు. ఇంకో 590. ఇంకో సంతకం.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి ఆ అబ్బాయే ఇంటికి వచ్చాడు. నేను పిలవలేదు. రెండో జాబ్ షీటు మీది నంబరు చూసి మా ఆవిడ ఫోన్ చేసిందట. చెప్పులు వాకిట్లో విడిచి, కాఫీ వద్దని, పెట్టెను సగం బయటికి లాగి, ఫోన్ దీపం వేసి వెనక చూశాడు. అర నిమిషం పట్టింది. వెనక ఎడమ స్పీకర్ మరలు రెండూ ముప్పావు అంగుళం దూరంలో ఉంటాయి. ఎర్ర మరకు నేను చుట్టిన తీగలోంచి ఒక్క పోగు, వెంట్రుక మందం, విడిపోయి పక్కకు వంగి ఉంది. పెట్టెను గోడకు నెట్టినప్పుడల్లా తీగలు బండకు ఒరుసుకుని, ఆ పోగు వెళ్ళి నల్ల మరను తాకుతోంది. షార్ట్ సర్క్యూట్. కాలిపోకుండా రిసీవర్ తనను తాను కాపాడుకుంటోంది, ప్రొటెక్ట్ అంటే అదే. సర్వీస్ సెంటర్‌లో వాళ్ళ తీగ, వాళ్ళ స్పీకర్. అక్కడ ఎందుకు ఆగుతుంది?

పోగును కత్తిరించి బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు. నేనే "ఏమిటయ్యా అది?" అన్నాను, కనిపిస్తున్నా సరే. అప్పుడు నవ్వాపుకుంటూ, రికార్డు పుస్తకంలో నేను రాయించిన వాక్యాన్ని నా గొంతుతోనే అప్పజెప్పాడు. "జాగ్రత్తలు. ఒకటి. తీగల కొనలను గరుకు కాగితంతో శుభ్రపరచి, జోడింపులను బిగుతుగా ఉంచవలెను."

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి నవ్వింది. వినపడింది.

ఆ అబ్బాయి డబ్బు తీసుకోలేదు. మిగతా తొమ్మిది జోడింపులూ విప్పి, పోగులు బిగుతుగా మెలేసి మళ్ళీ కట్టి, అలమర వెనక బండ తగలకుండా పెట్టెను రెండంగుళాలు ముందుకు జరిపాడు. ఇప్పుడు పెట్టె అరలోంచి కొంచెం బయటికి పొడుచుకుని ఉంది. ఉండనీ. సర్వీస్ సెంటర్ మీద నా కోపం మాత్రం పోలేదు. ఇరవై ప్రశ్నల ఫారంలో బ్యాటరీలకు చోటుంది, ఇంట్లో తీగలెలా కట్టారన్న ప్రశ్నకు లేదు. ఆ ప్రశ్న అడిగిన ఒక్కడి నోరూ నేనే మూయించాననుకోండి, అది వేరే సంగతి.

ఇంకా రెండు విషయాలు గబగబా. వెనక స్పీకర్లు మూగగా ఉంటే రిసీవర్‌ను అనుమానించే ముందు టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో ఎలా ఉందో చూడండి. పి.సి.ఎం. అని ఉంటే ఏ.ఆర్.సి. (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు పంపే దారి) మీద రెండు చానళ్ళే వస్తాయి, బిట్‌స్ట్రీమ్ లేదా ఆటో పెట్టాలి. హెచ్.డి.ఎం.ఐ. తీగను కూడా ఏ.ఆర్.సి. అని రాసిన రంధ్రంలోనే గుచ్చాలి. రెండోది మా ఊరి జబ్బు. నేలంతా నాపరాయి, గోడలు నున్నగా, చప్పట్లు కొడితే గది తిరిగి కొడుతుంది. ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా మాటలు గిన్నెలో పలికినట్టుంటాయి. దీనికి విదేశీ నురగ పలకలు అక్కరలేదు. నేల మీద జంపఖానా, వెనక గోడకు మా అత్తగారు కుట్టిన బొంత. బొంత వేలాడదీస్తే ఇల్లు ధర్మసత్రంలా ఉందని మా ఆవిడ అంది గానీ, మధ్య స్పీకర్‌లోంచి మాట స్పష్టంగా వినపడగానే ఊరుకుంది.

ఈ ఉదయం ఆమే కాగితం తీసుకుని లెక్క వేసింది. తనిఖీ రుసుములు రెండు, 1,180. ఆటో ఖర్చు, స్టెబిలైజర్, ఫ్యాన్లు, ఎర్త్ గుంత కూలీ వేరే వరుసలో. కాగితం పైన మొదటి వరుసలో మాత్రం "ప్లగ్గులు 1,200" అని రాసి కింద గీత గీసింది. నేను చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇరవై ప్లగ్గులకు ఆర్డర్ పెట్టాను, గురువారానికి వస్తాయట.

మధ్యాహ్నం అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నా, పాడుతోందా? ఇంతకీ లోపం ఎక్కడ?" అన్నాడు.

వోల్టేజి అని చెప్పాను.